నీడను పట్టుకునే వాళ్లు

సుందరకాండలో సింహిక అనే రాక్షసి ఉంది. సముద్రం మీదుగా ఎగిరిపోతున్న హనుమంతుణ్ణి ఆమె చెయ్యి పట్టి ఆపదు, తోక పట్టి లాగదు. నీళ్ల మీద పడిన అతని నీడను పట్టుకుంటుంది. కింద నీడ చిక్కగానే పైన వేగం ఆగిపోతుంది. ఇలాంటి ప్రాణికి వాల్మీకి వాడిన మాట ఛాయాగ్రాహి. ఆ తర్వాత ఎన్నో శతాబ్దాలకి కెమెరా వచ్చింది. అది పట్టుకున్నవాడికి మనం పెట్టుకున్న పేరు ఛాయాగ్రాహకుడు, అతను తీసేది ఛాయాచిత్రం. ఛాయ అంటే సంస్కృతంలో నీడ ఒక్కటే కాదు. కాంతి, పోలిక, ప్రతిబింబం కూడా. పేరు పెట్టినవాళ్లు పోలిక అన్న అర్థంలోనే పెట్టి ఉండొచ్చు. కానీ తెలుగు చెవికి ముందు వినిపించేది నీడే.

అడక్కుండా, చెప్పకుండా, తన దారిన తాను పోతున్న మనిషిని ఉన్నపాటున పట్టేసే ఫొటోగ్రఫీని ఇప్పుడు క్యాండిడ్ అంటున్నాం. దానికి సింహిక కథకన్నా దగ్గరైన పురాణకథ నాకు తెలియదు. ముఖ్యంగా ఊరు చూడటానికి వచ్చి, రెండు రోజులు తిరిగి, ఫొటోలతో వెళ్లిపోయే వాళ్ల విషయంలో. విశాఖపట్నం ఫొటోలు చూస్తూ ఉంటే ఈ మాట తరచు గుర్తొస్తుంది. సూర్యోదయం ముందు నల్లగా నిలబడ్డ జాలరి, హార్బరు క్రేన్ల నల్లటి గీతలు, ఫ్యాక్టరీ పొగగొట్టం కింద చీమల్లా మనుషులు. నీడలతో కథ చెప్పాలి అని ఫొటోగ్రఫీ నేర్పేవాళ్లు అంటారు. ఆ మాట నాకూ ఇష్టమే. అయితే ఈ నీడలు ఎవరి కథ చెబుతున్నాయి, ఎవరి కథ మింగేస్తున్నాయి అన్నది విశాఖలో కాస్త ఆగి చూడాల్సిన సంగతి.

ఫొటోగ్రఫీ పుట్టుకలోనే నీడ ఉంది. 1839 జనవరిలో ఇంగ్లండులో హెన్రీ ఫాక్స్ టాల్బట్ తన కొత్త విద్య గురించి రాయల్ సొసైటీకి ఇచ్చిన పత్రంలో, నీడను చెరిగిపోకుండా నిలబెట్టే కళగా దాన్ని వివరించాడు. అయితే ఆనాటి కెమెరాకి కదలనివి మాత్రమే చిక్కేవి. అంతకు ముందు ఏడాది పారిస్‌లో డాగెర్ ఒక వీధిని పైనుంచి తీశాడు. చెట్ల నీడలు, మేడల నీడలు తేటగా పడ్డాయి. వీధిలో నడుస్తున్న జనమూ బళ్లూ మాత్రం పడలేదు. బూట్లు పాలిష్ చేయించుకోవడానికి ఒక చోట కాలు చాపి నిలుచున్న మనిషి ఒక్కడు మిగిలాడు. అతని బూట్లు తుడుస్తున్నవాడు కూడా ఉన్నాడు, కానీ మసకగా, గుర్తు పట్టీ పట్టనట్టుగా. పని చేయించుకునేవాడు కదలడు గనక తేటగా పడ్డాడు. పని చేసేవాడి చేతులు ఆడుతూనే ఉంటాయి గనక మసకబారాడు. వీధి ఫొటోల చరిత్ర అంతా ఈ ఒక్క బొమ్మలో ఉందని నాకనిపిస్తుంది.

నీడను పట్టడానికి ప్రయాణం కట్టి తెలుగుదేశానికి వచ్చినవాళ్లూ ఉన్నారు. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం. చంద్రుడి నీడ మన కోస్తా మీదుగా పోయింది. మేజర్ జేమ్స్ టెన్నెంట్ బృందం కెమెరాలతో గుంటూరులో దిగి గ్రహణాన్ని ఫొటోలు తీసింది. ఫ్రాన్సు నుంచి వచ్చిన జాన్సెన్ అదే ఊళ్లో సూర్యుడి అంచుల వెలుగును విడదీసి చూశాడు. హీలియం కనుగొన్న కథలో ఆ పరిశీలనకి పెద్ద చోటుంది. సంపూర్ణ గ్రహణం ఐదు నిమిషాలకు పైగా నిలిచింది. ఆ నిమిషాల కోసం అంత దూరం వచ్చారు.

విశాఖ కూడా ఈ లెక్కల్లో వెనకబడ్డ ఊరు కాదు. గోడే వెంకట జగ్గారావు అనే జమీందారు మద్రాసులో ఖగోళశాస్త్రం నేర్చుకుని వచ్చి, 1840 ప్రాంతంలో డాబా గార్డెన్స్‌లో సొంత వేధశాల కట్టుకున్నాడు. ఆయన తర్వాత అల్లుడు అంకితం వెంకట నరసింగరావు దాన్ని నడిపాడు. 1874 డిసెంబరు 9న శుక్రగ్రహం సూర్యబింబాన్ని దాటుతుంటే ఇక్కడి నుంచే చూశాడు. అంత వెలుగు మీద నల్లటి చుక్క ఒకటి మెల్లగా జరుగుతూ పోవడం. వెలుగును అడ్డుకున్నదేదో ఆ నలుపును బట్టి తెలుసుకోవడం. నీడ చూసి వస్తువును కనిపెట్టడం అంటే అదే కదా.

*

ఆ లెక్కలు ఇప్పటి ఫొటోగ్రాఫర్‌కీ పనికొస్తాయి. విశాఖ 17.7 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. భారత కాలమానానికి ఆధారమైన 82.5 డిగ్రీల రేఖకి ఒక్క డిగ్రీ లోపే తూర్పున ఉంది. అందుకే ఇక్కడ గడియారమూ సూర్యుడూ దాదాపు ఒకే మాట చెబుతాయి. ముంబైలో సూర్యుడు నడిమింటికి వచ్చేసరికి గడియారం 12 దాటి సగటున అరగంట పైనే అవుతుంది. మార్చి, సెప్టెంబరు నెలల్లో పగలూ రాత్రీ సమానమయ్యే రోజుల్లో, విశాఖలో ఉదయం 7 గంటలకి మనిషి నీడ అతని ఎత్తుకి దాదాపు నాలుగింతలు. 9 గంటలకి ఇంచుమించు మనిషంత. మన పెద్దవాళ్లు బారెడు పొద్దెక్కింది అనేవాళ్లు, అడుగులతో నీడ కొలిచి వేళ చెప్పేవాళ్లు. అది ఊసుపోక అన్న మాట కాదు, కొలత.

బీచ్ రోడ్డు తీరం నేరుగా తూర్పుకి చూడదు, ఆగ్నేయానికి చూస్తుంది. డిసెంబరులో సూర్యుడు డాల్ఫిన్స్ నోస్ వైపుకి జరిగి దాదాపు ఎదురుగా పొడుస్తాడు. జూన్‌లో కైలాసగిరి వైపుకి జరుగుతాడు. ఉదయం నడిచేవాళ్ల నీడలు ఊరి వైపు పడతాయి. సాయంత్రం తిరగబడుతుంది: ఊరి నీడ ఇసుక మీదికి వస్తుంది. రోడ్డుకి అవతల అపార్ట్‌మెంట్లు లేచిన కొద్దీ ఆ నీడ సముద్రానికి మరింత దగ్గరవుతోంది. ఒకే చోట నిలబడి ఏళ్ల తరబడి సాయంత్రం ఐదు గంటలకి ఇసుకను ఫొటో తీస్తే, ఒక్క భవనమూ కనపడకుండానే నగరం ఎదుగుదల కనబడుతుంది. నీడతో కథ చెప్పడం అంటే నా లెక్కలో ఇది. ఫ్రేములో లేనిదాన్ని ఫ్రేములోకి తేవడం.

విశాఖలో ఈ పద్ధతికి మరో అవసరం కూడా ఉంది. ఈ ఊళ్లో ముఖ్యమైన చాలా చోట్ల కెమెరా ఎత్తడానికి వీల్లేదు. నౌకాదళం, పోర్టు, షిప్‌యార్డు, స్టీల్ ప్లాంటు, అన్నీ అనుమతి కావలసిన చోట్లే. ఊరిని ఊరుగా చేసినవన్నీ గోడల వెనక ఉంటాయి. యాత్రికుడికి మిగిలేది గోడ బయట పడే నీడ, గేటు బయటికి వచ్చే మనిషి.

*

ఇక్కడ తెలుగు మాట ఒకటి అడ్డు తగులుతుంది. ఫొటోగ్రఫీ పాఠాల్లో నీడ అంటే రహస్యం, భయం, నాటకీయత. తెలుగులో నీడ అంటే ముందు చల్లదనం. నీడపట్టున ఉండు అంటాం పిల్లలతో. గూడూ నీడా అంటాం ఇంటిని. పెద్ద దిక్కు పోతే చెట్టంత నీడ పోయింది అంటాం. అన్నీ పోగొట్టుకున్నవాణ్ణి నిలువ నీడ లేనివాడు అంటాం. వెలుగు లేకపోవడం కాదు ఇక్కడ నీడ. ఒకరికి దక్కి ఇంకొకరికి దక్కని ఆస్తి.

ఈ అర్థం మనసులో పెట్టుకుని మే నెల మిట్టమధ్యాహ్నం విశాఖ వీధుల్ని చూడండి. జనం ఎక్కడ ఉన్నారంటే నీడ ఎక్కడుందో అక్కడ. పోర్టు రోడ్ల పక్కన ఆగిన లారీ కింద డ్రైవరు, క్లీనరు. ఫ్లైఓవరు స్తంభం వెంబడి వరసగా ఆటోలు. కొబ్బరిబొండాల బండి మీద కట్టిన గోనెపట్టా కింద ఒక మనిషికి సరిపడా చోటు, అందులో ముగ్గురు. గంట తర్వాత వస్తే నీడ జరిగి ఉంటుంది, దాంతో పాటు మనుషులూ జరిగి ఉంటారు. కొందరు మాత్రం జరగరు. తాపీపని వాళ్లు, రోడ్డు వేసేవాళ్లు, చేపలు ఎండబెట్టే ఆడవాళ్లు. వాళ్ల పని ఎండలోనే. చేపకి ఎండ కావాలి, ఎండబెట్టే మనిషికి నీడ కావాలి. రెండూ ఒకే చోట దొరకవు. ఉదయపు బంగారు వెలుగు కోసం ఐదింటికే లేచే ఫొటోగ్రాఫర్లు, ఎండ చదునుగా ఉంటుందని మధ్యాహ్నం హోటలు గదికి చేరుకుంటారు. ఈ ఊరి నీడలు ఎక్కువ మాట్లాడే వేళ అదే.

1925లో లైకా బజారులోకి వచ్చాక చిన్న కెమెరాతో వీధిలో తిరగడం సులువైంది. జర్మనీలో ఎరిక్ సాలమన్ కోర్టుల్లో, సమావేశాల్లో పెద్దమనుషులకి తెలియకుండా ఫొటోలు తీశాడు; క్యాండిడ్ అన్న మాట అతని ఫొటోలతోనే బాగా ప్రచారమైంది. గమనించండి, అతను అలా పట్టుకున్నది మంత్రుల్ని, దౌత్యవేత్తల్ని. అధికారం ఉన్నవాళ్లు ఏమరుపాటులో ఎలా ఉంటారో చూపించడం అందులోని ఘనత. తర్వాత ఆ పద్ధతి వీధిలోకి వచ్చింది. కార్తియే బ్రెసాఁ లాంటివాళ్లు వెలుగునీడల అమరిక ముందు దొరకబుచ్చుకుని, అందులోకి మనిషి నడిచి వచ్చేదాకా కాచుకునే ఓపికను ఒక విద్యగా చేశారు. గొప్ప విద్యే. కానీ మంత్రిని పట్టుకోవడానికి పుట్టిన ఉపాయం కూలీని పట్టుకునేటప్పుడు వేరే అర్థం తెచ్చుకుంటుంది. బొమ్మ ముందే సిద్ధమైపోయింది. వచ్చే మనిషి అందులో ఖాళీ పూరించే ఆకారం. ఎవరొచ్చినా ఒకటే.

*

పోర్టు విషయమే చూద్దాం. 1933 అక్టోబరు 7న సింధియా కంపెనీ ఓడ జలదుర్గ లోపలి రేవులోకి వచ్చింది. కొత్త రేవుకి అదే మొదటి ఓడ. ఆ ఏడాది డిసెంబరులో వైస్రాయి విల్లింగ్‌డన్ ప్రారంభోత్సవం చేశాడు. రేవు ముఖద్వారానికి అలల నుంచీ ఇసుక నుంచీ రక్షణగా రెండు పాత ఓడల్ని రాళ్లతో నింపి ముంచేశారు. డాల్ఫిన్స్ నోస్ కొండ దక్షిణం వైపు కాపు కాస్తుంది. చలికాలం ఉదయాల్లో దాని నీడ రేవు కాలువ మీద పరుచుకుంటుంది. చిత్తడి నేలలో రేవు తవ్విన వేల చేతుల గుర్తు మాత్రం ఏ నీడలోనూ లేదు. కళాసీలు, జట్టు కూలీలు, బొగ్గూ ఖనిజమూ మోసినవాళ్లు. ఓడకి పేరుంది, ముంచిన ఓడలకి కూడా పేర్లున్నాయి.

ఇప్పుడు ఫిషింగ్ హార్బరులో తీసిన యాత్రికుల ఫొటోల్లో ఆ వరసలోనే ఇంకో తరం నిలబడి ఉంటుంది, నల్లటి ఆకారాలుగా. వెనక సూర్యుడు, ముందు మనిషి, ముఖం లేదు. దీన్ని కూడా నీడ అంటున్నారు గానీ ఇది నీడ కాదు. నీడ మనిషి పక్కన పడేది. మనిషి ఉంటాడు, నీడా ఉంటుంది, రెంటి మధ్య సంబంధం ఉంటుంది. సిలువెట్‌లో మనిషే నలుపైపోతాడు. ముఖం దాచి పరువు కాపాడడానికి కొన్నిసార్లు అది అవసరమే. అడగడానికి మొహమాటపడి నలుపు చేసుకోవడం మాత్రం వేరే సంగతి. డాగెర్ బొమ్మలో బూట్లు తుడిచేవాడు కదలడం వల్ల మసకయ్యాడు. ఇప్పటి కెమెరాకి ఆ సాకు లేదు.

తెలుగువాళ్లకి నీడతో కథ చెప్పడం కొత్త కాదు. తోలుబొమ్మలాటలో నీడ నల్లగా ఉండదు. తోలును వెలుగు దూరేంత పలచగా చేసి రంగులద్దుతారు. రావణుడి నీడ ఎర్రగా పచ్చగా తెర మీద పడుతుంది; కన్నూ నగా కోరమీసమూ అన్నీ కనబడతాయి. అనంతపురం ప్రాంతంలోని నిమ్మలకుంట కళాకారులు ఇప్పటికీ ఆ బొమ్మలు చేస్తున్నారు. బొమ్మను తెరకి ఆనిస్తే నీడ అంచులు పదునుగా ఉంటాయి, వెనక్కి లాగితే అలుక్కుపోతాయి. దూరం నుంచి రావడం, మాయమవడం అలాగే చూపిస్తారు. ఎండలోనూ ఇదే సూత్రం. సూర్యుడు చుక్క కాదు, మన కంటికి అర డిగ్రీ వెడల్పున్న బింబం. అందుకే గోడకి మీటరు దూరంలో ఉన్న చెయ్యి నీడ అంచు సెంటీమీటరు కూడా చెదరదు. 50 మీటర్ల పైనున్న క్రేను చెయ్యి నీడ అంచు నేల మీదికి వచ్చేసరికి దాదాపు అర మీటరు మసకబారుతుంది. ఒకే ఫొటోలో కూలీ నీడ పదునుగా, క్రేను నీడ మెత్తగా ఉన్నాయంటే, కళ్లు పైకెత్తకుండానే దాని ఎత్తు తెలుస్తుంది. దగ్గరివాడు ఎవడో, పైనున్నదేదో నీడ అంచే చెబుతుంది.

చాలామంది తెలుగువాళ్లు విశాఖను మొదట చూసింది కూడా నలుపు తెలుపుల్లోనే. రంగుల సినిమాలు మామూలైపోయిన 1978లో బాలచందర్ మరోచరిత్రను విశాఖ, భీమిలి తీరాల్లో నలుపు తెలుపుల్లో తీశారు, ఛాయాగ్రహణం బి.ఎస్. లోకనాథ్. ఆ సినిమా తర్వాత ఇక్కడి ఇసుక, రాళ్లు, అలలు జనం గుండెల్లో ఉండిపోయాయంటే, అందులో ముఖాలు ఉన్నందుకే. వెలుగునీడలన్నీ ఇద్దరు మనుషుల కోసం పనిచేశాయి.

*

నీడకున్న రెండో అర్థం, గూడు అన్న అర్థం, ఉక్కు నగరంలోనే బాగా తెలిసొస్తుంది. 1966లో విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు అన్న నినాదం రాష్ట్రమంతా మోగింది. టి. అమృతరావు నిరాహారదీక్షకి కూర్చున్నారు. నవంబరు 1న, రాష్ట్రావతరణ దినాన, విశాఖలో పోలీసు కాల్పులు జరిగాయి. ఉద్యమంలో రాష్ట్రం మొత్తం మీద ముప్పై మందికి పైగా ప్రాణాలు పోయాయి. 1971 జనవరి 20న ఇందిరాగాంధీ శంకుస్థాపన చేశారు. 1992 ఆగస్టు 1న పి.వి. నరసింహారావు కర్మాగారాన్ని జాతికి అంకితం చేశారు. బ్లాస్ట్ ఫర్నేసులకి గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు పెట్టారు.

ఈ కథకి ఇంకో వైపుంది. ప్లాంటు కోసం 60కి పైగా ఊళ్లు లేచిపోయాయి. వేల కుటుంబాలు తమ మామిడి, జీడి, తాటి తోపుల్ని వదిలి పునరావాస కాలనీలకి చేరాయి. కాలనీలో ఇంటి స్థలం ఇవ్వొచ్చు. ముప్పై ఏళ్ల చెట్టు నీడ ఇవ్వడం ఎవరి చేతిలోనూ లేదు. అందుకే నిర్వాసితుడు అన్న ఆఫీసు మాట కన్నా నిలువ నీడ లేనివాడు అన్న మాట నాకు సరిగ్గా తోస్తుంది. 2021 జనవరిలో ప్లాంటులో వాటాలన్నీ అమ్మాలని కేంద్రం నిర్ణయించాక శిబిరాలు వెలిశాయి. షామియానా గుడ్డ నీడలో కార్మికులు రోజుల తరబడి కూర్చున్నారు. 2025 జనవరిలో కేంద్రం 11,440 కోట్ల రూపాయల ప్యాకేజీ ప్రకటించింది. ఏ నిర్ణయం ఎటు పోయినా, షామియానా కింద కూర్చున్న మనిషి ఆ గుడ్డ నీడలో దేన్ని కాపాడుకుంటున్నాడో తెలుస్తూనే ఉంటుంది. పొగగొట్టాన్ని సూర్యాస్తమయం మీద నల్లటి గీతగా తీసిన ఫొటోలు వేలున్నాయి. ఆ పొగగొట్టం నీడ సాయంత్రం ఎవరి వాకిట్లో పడుతుందో చూపించే ఫొటో ఒకటి ఉంటే చాలు.

నీడ అమాయకమైనది కూడా కాదు. కొందరి నీడ సోకితే మైల అన్న ఊళ్లు ఈ దేశంలో ఉండేవి. మనిషిని తాకకుండా మనిషి నీడను శిక్షించిన సమాజం మనది. అలాంటి చోట ఒకరి నీడను అడక్కుండా తీసుకుని అందంగా అచ్చువేయడం అంత తేలికగా తీసుకోదగ్గ విషయం కాదు.

అమెరికన్ ఫొటోగ్రాఫర్ లీ ఫ్రీడ్‌లాండర్ 1966లో న్యూయార్క్ వీధిలో తన ముందు నడుస్తున్న ఒకామె వీపు మీద తన తల నీడ పడినప్పుడు ఫొటో తీశాడు. ఆమె బొచ్చు కోటు మీద అతని తల నీడ. ఆ ఫొటో ఇబ్బంది పెడుతుంది, నవ్వూ తెప్పిస్తుంది. వెంటాడుతున్నది ఎవరో అందులో దాచలేదు. తన నీడ ఫ్రేములోకి రాకుండా పక్కకి జరగడం ఫొటోగ్రాఫర్లందరికీ మొదట నేర్పే జాగ్రత్త. ఊళ్లు తిరిగేవాళ్లు ఒక్కోసారి ఆ జాగ్రత్త మానేస్తే మంచిదని నా అభిప్రాయం. ఈ మనిషిని చూస్తూ ఇక్కడ ఇంకో మనిషి నిలబడ్డాడని తెలియడం వల్ల నష్టమేమీ లేదు. ఆ పక్క మనిషి కూడా తన వైపు చూస్తే ఇంకా మంచిది. పేరు అడిగితే ఫొటో చెడిపోదు.

విశాఖలో ఏడాదికి రెండు రోజులు, మే 10 ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు 2 ప్రాంతంలో మరోసారి, మధ్యాహ్నం 12 గంటల వేళ సూర్యుడు సరిగ్గా నడినెత్తి మీదికి వస్తాడు. నిటారుగా ఉన్న స్తంభానికి కొద్ది క్షణాలు నీడ ఉండదు. మనిషి నీడ అతని పాదాల చుట్టే ముడుచుకుంటుంది. ఆ రెండు తేదీల మధ్య సూర్యుడు మధ్యాహ్నం ఉత్తరానికి ఉంటాడు, నీడలు దక్షిణానికి పడతాయి. మబ్బు పట్టని మే నెలలో ఆ రోజున హార్బరు రోడ్డు మీద కెమెరాతో నిలబడితే, పట్టుకోవడానికి ఒక్క పొడుగాటి నీడ కూడా దొరకదు. లారీ కింద, గోనెపట్టా కింద ఒదిగిన మనుషులు మాత్రం దొరుకుతారు. వాళ్ల ముఖాలు కనబడాలంటే వంగి, దగ్గరికి వెళ్లి, కాస్త జరగమని అడిగి, ఆ నీడలోనే కూర్చోవాలి.